గుల్లబారిన చెక్క గిన్నెలకు మైనం తీసిన లక్క: చెన్నై ఉక్కలో పనికొస్తుందా?

బూజు గీతలు పడ్డ మెత్తటి చెక్కతో లేత్ మీద గిన్నెలు తీసేవాళ్లు ఒక్క సీలరే (చెక్కలోకి దిగి పట్టి ఉంచే తొలిపూత) కొనేట్టయితే మైనం తీసిన లక్క (డీవాక్స్‌డ్ షెల్లాక్) రేకులు కొనండి. డబ్బాలో దొరికే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) శాండింగ్ సీలర్‌ది రెండో స్థానం. నూనె నేరుగా పట్టించడం మాత్రం వద్దు.

గాలివానకు కూలిన మామిడి, తురాయి, నిద్రగన్నేరు దుంగలు నెలల తరబడి తడిలో పడి ఉంటే లోపల శిలీంధ్రం పాకుతుంది. అది తిన్నచోట చెక్క తెల్లగా గుల్లబారుతుంది, సరిహద్దులో నల్ల గీత పడుతుంది. ఆ గీత గట్టిగా, పక్కనున్న తెల్లభాగం మెత్తగా ఉంటుంది. ఇబ్బందంతా ఆ తేడాతోనే. నూనె పోస్తే మెత్తటిచోటు విపరీతంగా తాగి మురికి గోధుమరంగుకు తిరుగుతుంది, గీతల అందం పోతుంది, చెక్క మాత్రం గట్టిపడదు. పల్చటి లక్క అయితే లోపలికి దిగి, అందులోని ఆల్కహాల్ ఆరిపోయాక నారను పట్టి ఉంచుతుంది.

కలపడం తేలిక. 100 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు 12 గ్రాముల రేకులు. గాజు సీసాలో వేసి మధ్యమధ్య కుదుపుతూ రాత్రంతా ఉంచాలి. ఇనుప డబ్బా వద్దు, లక్క నల్లబడుతుంది. ఆల్కహాల్ 99 శాతంది కావాలి. మందుల షాపులో దొరికే 70 శాతం దాంట్లో మిగతాది చాలావరకు నీళ్లే, పూత తెల్లబారుతుంది.

గిన్నెను తుది మందానికి కొంచెం ఎక్కువగా ఉంచి, పూర్తిగా ఆరనివ్వాలి. వంటింటి త్రాసులో రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే. అప్పుడు లేత్ ఆపి, గుల్లబారినచోట బ్రష్‌తో చెక్క తాగినంతా పట్టించాలి. పైన నిలిచింది తుడిచేయాలి. అరగంట ఎడంతో మూడుసార్లు పట్టించి, రాత్రంతా వదిలి, అప్పుడే సానబట్టిన గౌజ్‌తో (గుంట ఉలితో) చివరి కోత తీయాలి. సీల్ చేయని మెత్తటి చెక్క నారకు అడ్డంగా కోసేచోట గుంటలు గుంటలుగా ఊడొస్తుంది. ఆ గుంటల్ని ఉప్పు కాగితంతో సరిచేద్దామనుకుంటే పని పెరుగుతుందే తప్ప తగ్గదు.

కోత అయ్యాక ఇంకో పూత, ఆరాక 150, 220, 320 నంబరు ఉప్పు కాగితాలతో వరసగా రుద్దాలి. వేళ్లతో నొక్కి రుద్దితే మెత్తటిచోటు అరిగి, నల్ల గీతలు చేతికి తగిలేలా పైకి లేస్తాయి. కాగితం వెనక గట్టి ప్యాడ్ పెట్టండి, లేత్ వేగం తగ్గించండి. వేడెక్కితే లక్క కరిగి కాగితానికి అంటుకుపోతుంది. ఎన్95 మాస్కు తప్పనిసరి, ఈ చెక్క ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

గోరు గుచ్చితే దిగేంత మెత్తగా ఉన్నచోట లక్క ఒక్కటే చాలదు. నీళ్లలా ఉండే సయనోఅక్రిలేట్ జిగురు (సూపర్ గ్లూ) చుక్కలుగా వేయాలి. చుట్టూ ముందే లక్క పట్టించి ఉండాలి, లేకపోతే జిగురు పాకి మచ్చ కడుతుంది. నూలుగుడ్డతో మాత్రం తుడవకండి. ఈ జిగురు నూలుకు తగిలితే వేడి పుట్టి పొగ లేస్తుంది. ఇంత చేసినా పొడి రాలుతుంటే ఆ చెక్క గిన్నెకు పనికిరాదు, పక్కన పెట్టేయండి.

లక్కలో పెద్ద లోపం మన చెన్నై తేమగాలికే బయటపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో పూత వేస్తే పైన తెల్లటి మసక వస్తుంది. ఏసీ కాసేపు నడిపి తేమ తగ్గించిన గదిలో వేయడమే మందు. మసక వచ్చేస్తే ఆల్కహాల్ అద్దిన గుడ్డతో పైపైన తుడిస్తే చాలావరకు పోతుంది.

ఎన్‌సీ సీలర్ త్వరగా ఆరుతుంది, పొడిపొడిగా రుద్దుడు పడుతుంది. అదే దాని బలం. కానీ డబ్బాలో ఉన్నట్టే పూస్తే చిక్కదనం వల్ల పైనే ఆగిపోతుంది. ఎన్‌సీ థిన్నర్ సమానంగా కలిపితేనే కాస్త దిగుతుంది. మందంగా వేస్తే గీతల మీద పాలపొర కమ్మినట్టుంటుంది. వాసనా ఘాటే, తలుపులు తెరవాలి. తెరిస్తే తేమ, దానికీ మసక తప్పదు.

లక్కనే పైపూతగా వదిలేయకండి. వేడికి మెత్తబడుతుంది, నీళ్లు నిలిస్తే తెల్లబడుతుంది. మైనం పూస్తే చెన్నై ఎండకు జిగురు దేలి వేలిముద్రలు పడతాయి. పల్చన చేసిన పాలీయురిథేన్ వార్నిష్‌ను గుడ్డతో మూడు పూతలు పూయడం మేలు. మైనం తీసిన రకమే ఎందుకంటే ఇందుకే, మైనమున్న లక్క మీద పాలీయురిథేన్ సరిగా పట్టదు. ఇంత చేసినా ఆ గిన్నె పళ్లకు, జంతికలకు. పెరుగుకో సాంబారుకో కాదు.

ఆల్కహాల్‌కు చెన్నైలో ప్యారీస్ దగ్గర నైనియప్ప నాయకన్ వీధిలోని రసాయనాల దుకాణాల్లో అడగండి. విడిగా అమ్మే లక్క ఎక్కువగా మైనంతోనే ఉంటుంది. కలిపాక సీసా అడుగున మబ్బుగా తేరుకుంటే అది మైనమే, పైతేట వంపుకుని వాడుకోవచ్చు. ఎండకు ముద్దకట్టిన రేకులు కొనకండి. ఆల్కహాల్‌లో కరగకుండా జెల్లీలా మిగిలితే అవి పాతబడ్డవే. కలిపి ఆరు నెలలు దాటిన సీసా ఉంటే గాజుముక్క మీద ఒక చుక్క వేసి, మర్నాడు గోరుతో నొక్కి చూడండి. గంటు పడితే పారబోసి కొత్తది కలుపుకోండి.