పన్నెండేళ్లుగా నిరామయ వాడుతున్నాం: మా అమ్మాయికి పద్దెనిమిది దాటాక తెలిసిన సంగతులు

మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్లు. ఇంట్లో ఇప్పటికీ పాపే. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికల మీద పట్టు లేకపోవడం), దాంతోపాటు బుద్ధిమాంద్యం, అప్పుడప్పుడు ఫిట్స్. 2014లో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమాలో చేర్పించాం. ఏడాదికి లక్ష రూపాయల కవరేజీ. వయసుతో పని లేదు, చేరేముందు వైద్య పరీక్షలు లేవు, పుట్టుకతో వచ్చిందన్న వంక పెట్టరు. అయితే అందరికీ కాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు, ఈ నాలుగింటికే. చూపో వినికిడో మాత్రమే లేని పిల్లలకు వర్తించదు.

దారిద్ర్య రేఖకు దిగువనున్న వాళ్లు చేరడానికి 250, మిగతావాళ్లు 500 కట్టాలి. రెన్యువల్‌కు 50, 250. ఆ డబ్బుకి ఇంత ఇచ్చే పాలసీ నాకింకోటి కనబడలేదు.

మార్కులు వేయమంటే థెరపీకి పదికి ఎనిమిది వేస్తాను, ఆస్పత్రి ఖర్చుకి మూడు. పాపకు నెలకి పన్నెండు ఫిజియోథెరపీ సిటింగులు, ఒక్కోటి నాలుగొందలు. మామూలు పాలసీలు ఆస్పత్రిలో పడుకోబెడితే తప్ప పలకవు. నిరామయ ఓపీ మందులకీ, పరీక్షలకీ, థెరపీకీ ఇస్తుంది. కాకపోతే ప్రతిదానికీ విడిగా పరిమితి ఉంటుంది, థెరపీ పరిమితి మాకు కొన్ని నెలలకే అయిపోతుంది. పైగా అంతా రీయింబర్స్‌మెంటే. ముందు మనం కట్టాలి, బిల్లులు పంపాలి, ఎదురుచూడాలి. థెరపీ సెంటర్లో తెల్లకాగితం మీద రాసిచ్చే రసీదుతో పని జరగదు. నంబరు, ముద్ర, సంతకం ఉన్న బిల్లు, డాక్టరు చీటీ అడిగి తీసుకోండి. పాలసీ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా. 2017లో రెన్యువల్ మర్చిపోయాను, పూర్తిగా నా తప్పే. మళ్లీ కొత్తగా చేరాల్సొచ్చింది. మధ్యలో అయిన బిల్లులన్నీ చేతి చమురే.

అసలు చిక్కు 2019 డిసెంబరులో, పద్దెనిమిది నిండాక వచ్చింది. బీమా ఎక్కడికీ పోలేదు. సంతకం పోయింది! క్లెయిమ్ డబ్బులు పడే మైనరు ఖాతాను బ్యాంకు ఆపేసింది. "మీ అమ్మాయి మేజరండీ, ఆమే వచ్చి సంతకం పెట్టాలి" అన్నారు. కన్నతల్లినైనా చట్టం లెక్కలో నేనామెకు ఎవరినీ కాను. నేషనల్ ట్రస్ట్ చట్టం (1999) కింద జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ నుంచి గార్డియన్‌షిప్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలని మా ఫిజియోథెరపిస్టు చెప్పేదాకా తెలియదు. కాగితాలు కూడగట్టి అది చేతికొచ్చేసరికి ఏడు నెలలు, అందులో నాలుగు మా ఆలస్యమే. ఆ సర్టిఫికెట్‌ను ఒప్పుకోమని బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో చెప్పింది. ఆ సర్క్యులర్ కాపీ కూడా తీసుకెళ్లాను, అక్కర పడింది. కమిటీ ముందు పాపను పేరడిగితే చక్కగా చెప్పి, "టీ ఉందా?" అని ఎదురడిగింది. తెప్పించారు.

ఆస్పత్రి సంగతికొస్తే, మావారు స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజరు. ఈఎస్‌ఐ (జీతం ఒక పరిమితి లోపున్న ఉద్యోగులకుండే ప్రభుత్వ బీమా) ఉన్నన్నాళ్లూ నిశ్చింత. తల్లిదండ్రుల మీదే ఆధారపడ్డ వికలాంగ బిడ్డకు అందులో వయసు పరిమితి లేదు. 2018లో జీతం 21,000 దాటి ఈఎస్‌ఐ పోయింది. జీతం పెరిగిందని ఏడ్చిన ఇల్లు మాదే అయ్యుంటుంది. తర్వాత కంపెనీ గ్రూపు పాలసీ వచ్చింది, 2021లో ఫిట్స్‌తో వారం రోజులు ఐసీయూలో ఉంటే లక్షా ఎనభై వేల బిల్లులో చాలామటుకు అదే కట్టింది. నిరామయ ఒక్కదాన్నే నమ్ముకునుంటే మెళ్లో గొలుసు తాకట్టుకి పోయేది. కానీ ఆ గ్రూపు పాలసీలో పిల్లలకు ఇరవై ఐదేళ్ల దాకానే చోటు. ఈ డిసెంబరుతో సరి.

2018లోనే ఒక ప్రైవేటు కంపెనీకి అప్లై చేశాం. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్ చూడగానే కుదరదన్నారు, ఫోన్లోనే. 2022 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, వికలాంగులకు పాలసీలు వచ్చేలా చూడమని బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐకి చెప్పింది. 2023 ఫిబ్రవరిలో ఐఆర్‌డీఏఐ ప్రతి జనరల్, హెల్త్ బీమా కంపెనీ దగ్గరా అలాంటి పాలసీ ఉండి తీరాలంది. ఆ రకం పాలసీ ఒకటి 2024లో తీసుకున్నాం. ఏజెంటుకు దాని పేరే తెలియదు, నేనే కంపెనీ వెబ్‌సైట్లో వెతికి చూపించాను. ప్రీమియం నిరామయ పక్కన పెడితే కళ్లు తిరుగుతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ తీసేశారు, అంతవరకు నయం. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంది, అంటే అది గడిచేదాకా వాటికి క్లెయిమ్ ఇవ్వరు, అందుకే గ్రూపు పాలసీ ఉండగానే మొదలుపెట్టాం. ఇరవై ఐదు నిండాక వెతుక్కుందామనుకుంటే మధ్యలో ఏ ఆసరా లేని కాలం వస్తుంది. ఈ డిసెంబరు నాటికి మా వెయిటింగ్ పీరియడ్ ఇంకా పూర్తవదు. ఆ కొన్ని నెలలు ఫిట్స్ రాకుండా ఉంటే చాలు, టెన్షన్ అదొక్కటే.

మీ పిల్లలకు పదిహేడు నడుస్తుంటే యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూడండి. మా పాప ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడాకి రెండు నెలలు తిరిగాం.