యూమా ఆర్‌వీ పార్కులో మా చలికాలం, మధ్యలో క్వార్ట్జ్‌సైట్, కాసా గ్రాండే

మా ఆర్‌వీ, అంటే లోపలే వంటా పడకా ఉండే ఇల్లులాంటి బండి, దాని వయసు పన్నెండేళ్ళు. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఆరిజోనాలోని యూమాలో ఇలాంటి బండ్లు అద్దెకి నిలుపుకుని ఉండే పార్కుల్లో మేం ఫోన్ చేసిన మొదటి రెండు పార్కులవాళ్ళూ బండి ఏ సంవత్సరం మోడలని అడిగి, పదేళ్ళు దాటినవి తీసుకోం అని ఫోన్ పెట్టేశారు. మూడో పార్కువాళ్ళు ఫోటోలు పంపమని, చూసి సరే అన్నారు. పాత బండి ఉన్నవాళ్ళు ఈ పదేళ్ళ రూల్ సంగతి ముందే కనుక్కోండి, మేం ఉండే మిషిగన్ నుంచి 2,000 మైళ్ళ పైన నడుపుకొచ్చి గేటు దగ్గర ఆగిపోతే చాలా కష్టం. ఇక్కడ చాలా పార్కులు 55 దాటినవాళ్ళకే కాబట్టి పిల్లలూ మనవలూ వస్తే ఎన్ని రోజులు ఉండనిస్తారో కూడా అడగాలి, ఒక్కో పార్కుది ఒక్కో లెక్క.

ఇన్నాళ్ళూ చలికాలం విజయవాడ వెళ్ళేవాళ్ళం. ఈసారి మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, కబురొస్తే మర్నాటికల్లా దాని దగ్గర ఉండాలి, సముద్రాలు దాటి వెళ్ళబుద్ధి కాలేదు. మావారి మోకాలికి ఆపరేషన్ అయ్యాక మిషిగన్ మంచులో నడవడం భయం కూడా. అలా నవంబర్ మధ్యలో యూమా చేరాం, ఫిబ్రవరి చివరి దాకా ఉన్నాం.

యూమాలో జనవరి మధ్యాహ్నం 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉంటుంది, మన వైపు డిసెంబర్ ఎండలా హాయిగా. రాత్రి మాత్రం స్వెట్టర్ కావాలి. ఊరు చుట్టూ లెట్యూస్, బ్రకోలీ పొలాలు, చలికాలంలో అమెరికా తినే ఆకుకూరల్లో దాదాపు 90 శాతం ఇక్కడివే అంటారు. పొద్దున్నే చీకటితో వాకింగ్‌కి వెళ్తే కూలీల బస్సులు పొలాల గట్ల మీద వరసగా నిలబడి ఉండేవి, తడిమట్టి వాసన, ఆ వాసనకే నాకు మా ఊరి కాలవగట్టు గుర్తొచ్చి నాలుగడుగులు ఎక్కువ నడిచేదాన్ని. ఒక ఇబ్బంది, ఊళ్ళో మెరైన్ కోర్ ఎయిర్ స్టేషన్ అనే సైనిక విమానాల స్థావరం ఉంది, జెట్ విమానాలు పోతున్నప్పుడు మాట వినపడదు. మధ్యాహ్నం పడుకునే అలవాటున్నవాళ్ళు పార్కు ఎంచుకునేటప్పుడు మ్యాప్ చూసుకోండి.

ఇక సైట్ గురించి, అంటే పార్కులో మన బండి నిలుపుకునే చోటు. మాది 30 ఆంప్ బండి, అంటే మొత్తం 3,600 వాట్లే, రూమ్ హీటరూ కుక్కరూ మైక్రోవేవూ ఒకేసారి పెడితే బ్రేకర్ పడిపోతుంది. వంట చేసే గంటసేపు హీటర్ ఆపేయడం అలవాటైపోయింది. పోపు మాత్రం బయటే, లోపల పెడితే అలారం మోగడం ఒకటైతే పరుపులకీ కర్టెన్లకీ వాసన పట్టి వారం పోదు, గొడుగు కింద బల్లేసి ప్రొపేన్ స్టవ్ పెట్టుకున్నాం. సాంబారు గిన్నెలూ నెయ్యి గిన్నెలూ కడిగేముందు టిష్యూతో తుడిచేయండి, లేకపోతే సింకు నీళ్ళు వెళ్ళే గ్రే ట్యాంకులో జిడ్డు పేరుకుంటుంది. టాయిలెట్ నీళ్ళు వెళ్ళే బ్లాక్ ట్యాంకు వాల్వ్ ఎప్పుడూ తెరిచి ఉంచకూడదు, మూడింట రెండొంతులు నిండాకే వదలాలి, లేదంటే నీళ్ళు ముందు పోయి గట్టిది కిందే ఉండిపోతుంది. ఇది మాకు పక్క సైట్ ఆయన నేర్పాడు, కెనడాలో సస్కాచెవాన్ నుంచి ఏటా వచ్చే రైతు. చేతికి గ్లవ్స్ వేసుకుని మావారి పక్కన నిలబడి మొత్తం చేయించాడు. నెలవారీ అద్దెలో కరెంటు కలవదు, మీటర్ విడిగా ఉంటుంది, ఇదీ గుర్తుపెట్టుకోండి.

ఇంక మనుషుల సంగతి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మిషిగన్‌లో జనవరి అంటే తలుపేసుకుని కిటికీలోంచి చూడడం, మూడ్రోజులు పరాయి మనిషి మొహం కనపడని వారాలు ఉండేవి. ఇక్కడ పొద్దున పికిల్‌బాల్ అనే బ్యాటూ బంతీ ఆట కోర్టు, పది గంటలకి మెయిల్ రూము దగ్గర కబుర్లు, సాయంత్రం ఎవరో ఒకరు గిటార్ తెచ్చుకుని కూర్చుంటారు. నేను క్విల్టింగ్ గదికి వెళ్ళేదాన్ని. మొదటి వారం ఊరికే చూశా, రెండో వారం నా పాత నూలు చీరలు రెండు తీసుకెళ్ళి మా అమ్మ బొంత ఎలా కుట్టేదో చూపించా, పొరల మీద పొరలు పరిచి మధ్యలో మిషన్ లేకుండా సూదితో ముందుకుట్టు. ఆ రైతు భార్య చీర అంచు పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది, వాళ్ళ నాయనమ్మ పిండి బస్తాల గుడ్డతో కుట్టేదట. ఆ రోజునుంచి ఇద్దరం కలిసి ఒకటి మొదలుపెట్టాం, పుట్టబోయే మనవరాలికని.

ఓ రాత్రి మావారికి కళ్ళు తిరిగాయి. రెండు సైట్ల అవతల రిటైరైన నర్సు ఉంటుంది, తలుపు తట్టగానే బీపీ మిషన్‌తో వచ్చింది, మమ్మల్ని తన కార్లోనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. నీళ్ళు సరిగ్గా తాగక అన్నారు, భగవంతుడి దయ. మాది ఒరిజినల్ మెడికేర్, అంటే పెద్దవాళ్ళకి ప్రభుత్వం నేరుగా ఇచ్చే ఆరోగ్య బీమా, మెడికేర్ తీసుకునే ఏ డాక్టరైనా ఏ రాష్ట్రంలోనైనా చూస్తాడు. ప్రైవేటు కంపెనీల ద్వారా వచ్చే మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్ ఉన్నవాళ్ళకి ఎమర్జెన్సీ వరకు ఎక్కడైనా చెల్లుతుంది కానీ మామూలు చెకప్‌లకి ఆ డాక్టరు వాళ్ళ నెట్‌వర్క్‌లో ఉన్నాడో లేదో చూసుకోవాలి.

పళ్ళకి ఒరిజినల్ మెడికేర్ మామూలుగా డబ్బివ్వదు కదా, అందుకే అందరిలాగే మేమూ సరిహద్దు అవతల మెక్సికోలోని లోస్ అల్గొడోనెస్ వెళ్ళాం. కారు అమెరికా వైపే పార్క్ చేసి నడిచి దాటడమే. వీధి వీధంతా డెంటిస్టులూ కళ్ళజోళ్ళ షాపులూ మందుల షాపులూ. మావారి పంటి తొడుక్కి (క్రౌన్) ఇంటి దగ్గర చెప్పినదాంట్లో మూడో వంతే అయింది, ఇప్పటిదాకా బాగుంది. వెళ్ళడం ఐదు నిమిషాలు, తిరిగి వచ్చే లైన్ గంటన్నర, ఎండలో. పాస్‌పోర్టూ గ్రీన్ కార్డూ మర్చిపోవద్దు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు పెందరాళే వెళ్ళండి.

జనవరిలో రెండు వారాలు ఆరిజోనాలోనే క్వార్ట్జ్‌సైట్ అనే ఊరు వెళ్ళాం, ఉన్నది లా పోసా అనే ఎడారి స్థలంలో, ప్రభుత్వ భూములు చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌వాళ్ళది. మేం కట్టింది 14 రోజులకి 40 డాలర్లు, సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 దాకా సీజనంతా అయితే అప్పుడు 180. ధర చూస్తే నమ్మబుద్ధి కాదు కానీ కరెంటూ నల్లా సైట్ దగ్గర ఉండవు, నీళ్ళు వెళ్ళి నింపుకోవాలి, ట్యాంకులు వెళ్ళి ఖాళీ చేసుకోవాలి. రాత్రి ఆకాశం చూసి నేను నోట మాట లేకుండా ఉండిపోయాను. ఊరి స్మశానంలో హై జాలీ సమాధి తప్పక చూడండి, 1856లో అమెరికా సైన్యం తెప్పించిన ఒంటెలతో వచ్చిన హాజీ అలీ అనే ఒంటెల కాపరి ఆయన, 1902లో పోయాడు. రాళ్ళ పిరమిడ్ మీద రాగి ఒంటె. ఎక్కడినుంచో వచ్చి ఇక్కడే మట్టిలో కలిసిన మనిషి, అక్కడ నిలబడితే నాకు కళ్ళు చెమర్చాయి. రెండు వారాలకి బాగుంది, సీజనంతా మా వయసుకి మా బండితో కుదరదు.

తర్వాత కాసా గ్రాండే అనే ఊరి దగ్గర ఒక పార్కులో పది రోజులు ఉన్నాం. వోల్టేజ్ పడిపోతూ ఉంది, ఆఫీసులో మూడుసార్లు చెప్పినా ఎవరూ వచ్చి చూడలేదు, ఫ్రిజ్‌లో పెరుగు పోయింది. కానీ అక్కడినుంచి మరికోపా మహాగణపతి గుడి దగ్గర, శనివారం వెళ్ళి అర్చన చేయించుకుని మనసు నిండా తెలుగు మాట్లాడుకుని వచ్చాం. కూలిడ్జ్‌లో కాసా గ్రాండే శిథిలాలు కూడా చూశాం, 1350 ప్రాంతంలో హోహోకామ్ అనే ఇక్కడి ప్రాచీన ఆదివాసీ జనం కట్టిన నాలుగంతస్తుల మట్టి మేడ.

వచ్చే ఏడాదికి యూమాలో అదే సైట్, నిమ్మచెట్టు పక్కది, బయల్దేరేముందే డిపాజిట్ కట్టేశాం. మంచి సైట్లు ఫిబ్రవరిలోనే అయిపోతాయి, వెళ్ళాలనుకునేవాళ్ళు వేసవి దాకా ఆగకండి. మనవరాలు ఫిబ్రవరిలోనే పుట్టింది, బొంత మాత్రం ఇంకా ఒక పక్క అంచు కుట్టాలి.