మైనస్ 40 ఊరి నుంచి వెళ్ళి పోర్టోలో వణికాము

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో పద్నాలుగేళ్ళుగా కాపురం ఉంటున్నాము. ఫారెన్‌హీటు, సెల్సియస్ కొలతలు రెండూ ఒకే అంకెకు వచ్చి కలుసుకునే మైనస్ 40ని మా ఊళ్ళో చాలాసార్లు చూశాము. అయినా ఇన్నేళ్ళలో చలికి నిజంగా బాధపడి, నిద్రపట్టక కూర్చున్న రాత్రులు ఎక్కడివని ఎవరైనా అడిగితే, పోర్చుగల్‌లోని పోర్టో నగరంలో 2025 జనవరిలో గడిపిన రెండు రాత్రులను చెబుతాము. ఆ రెండు రోజులూ పోర్టోలో బయట 9 డిగ్రీలు ఉంది, మంచు చుక్క కూడా లేదు. తెలుగువాళ్ళు చాలామంది ఇప్పుడు యూరపుకు చలికాలంలో, అద్దెలు తగ్గుతాయని వెళుతున్నారు కనుక మేము మోసపోయిన తీరు వివరంగా రాస్తున్నాను.

మేము ప్యాకేజీలలో వెళ్ళము. పగటి నిడివి 3 గంటల 40 నిమిషాలకు కుంచించుకుపోయే డిసెంబరును ఎలాగో దాటించి, జనవరిలో ఎక్కడికో ఒకచోటికి, టికెట్లూ బసా మేమే చూసుకుని బయలుదేరుతాము. హనోయి, టిబిలిసి, మస్కట్, ఓహాకా అలా చూసినవే, వాటి గురించి ఫిర్యాదులేమీ లేవు. ఖర్చుకు ఆధారం రాష్ట్రం చమురు నిధి నుంచి ప్రతి నివాసికీ ఇచ్చే వార్షిక వాటా. 2024లో అది తలకు 1,702 డాలర్లు వచ్చింది, ఇద్దరికీ కలిపి 3,404. ఏడాదిలో 180 రోజులకు మించి రాష్ట్రం బయట గడిపితే సాధారణంగా ఆ వాటా పోతుంది కాబట్టి ఇండియా ప్రయాణమైనా, ఇంకేదైనా, మా వారు గోడ మీది క్యాలెండరులో రోజులు లెక్కపెట్టి టిక్కులు పెడతారు.

చలికాలంలో మా ఊరు విడిచి వెళ్ళడమంటే ఇంటికి తాళం వేసి వెళ్ళడం కాదు. బాయిలరు ఒక్క రాత్రి ఆగిపోతే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోతాయి, కనుక ఇంట్లో మనిషి ఉండి తీరాలి. దానికి మా ఊళ్ళో చవకైన ఏర్పాటు ఒకటుంది. నేల అడుగున కరగని మంచు ఉన్న చోట్ల బావి తవ్వించడం, మురుగు తొట్టె కట్టించడం భారమై, నీళ్ళ కొళాయి లేని చెక్క ఇళ్ళలో చాలామంది విద్యార్థులు అద్దెకుంటారు. వాళ్ళకు మూడు వారాలు వేడినీళ్ళ స్నానం, బట్టలుతికే యంత్రం దొరకడమే జీతం. మేము పిలిచిన అమ్మాయి కూడా అంతకు మించి అడగలేదు, ఫ్రీజరులో ఉన్న సాల్మన్ చేపను మాత్రం మేమే బలవంతంగా తినమన్నాము.

నాది ఇంకా భారత పాస్‌పోర్టే, అందువల్ల చాలా యూరపు దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే షెంజెన్ వీసా తప్పలేదు. రుసుము 90 యూరోలే గానీ, వేలిముద్రలు ఇవ్వడానికి పశ్చిమ తీరంలోని నగరానికి పోయి రావడానికి విమానం, ఒక రాత్రి బస కలిపి 610 డాలర్లు అయింది. గ్రీన్ కార్డు ఉంది కదా అని యూరపు టికెట్లు ముందే కొనేసుకునే వాళ్ళు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. సియాటిల్ మీదుగా లిస్బన్‌కు రానూపోనూ విమానానికి ఒక్కొక్కరికి 1,140 డాలర్లు పడింది.

లిస్బన్‌లో ఆరు రోజులు సాఫీగా గడిచాయి. రాత్రికి 71 యూరోల చిన్న హోటలు, మనిషికి రాత్రికి 4 యూరోల నగర పన్ను, గోడకు బిగించిన వేడిగాలి యంత్రం, అన్నీ చెప్పినట్టే ఉన్నాయి. బెలెంలోని జెరోనిమోస్ మఠంలో చర్చి భాగానికి టికెట్టు లేదు. లోపలికి అడుగుపెట్టగానే వాస్కో డ గామా సమాధి కనిపిస్తుంది. 1524లో కొచ్చిలో చనిపోయి, మొదట అక్కడి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పూడ్చబడిన మనిషి ఇక్కడ రాతి మీద చేతులు జోడించి పడుకుని ఉన్నాడు. మా వారు ఆ బొమ్మ వైపు చాలాసేపు చూసి, "ఇంత దూరం నుంచి మిరియాల కోసం వచ్చాడు, మనం వీళ్ళ ఊళ్ళో కాస్త కారం కోసం తిరుగుతున్నాము" అన్నారు.

ఆయన మాట నిజమే. నేను శాకాహారిని. మాంసం లేనిది కావాలంటే ఎండబెట్టిన కాడ్ చేపను ప్రేమగా తెచ్చి పెట్టే దేశం అది. ఆకుకూర సూపు అని తెప్పించుకుంటే అడుగున సాసేజి ముక్క తేలుతుంది. నాలుగు రోజులు రొట్టె, జున్ను, గుడ్డుతో చేసే ఆ బంగారు రంగు పాస్టెల్ దే నాటా మిఠాయిలతో కాలక్షేపం చేశాక, లుమియార్ ప్రాంతంలోని రాధాకృష్ణ ఆలయానికి వెళ్ళాము. అక్కడ భోజనశాల ఉంది. దాన్ని నడిపే సమాజంలో ఎక్కువమంది గుజరాతీ మూలాల వాళ్ళు, 1975లో మొజాంబిక్ స్వతంత్రమైన రోజుల్లో అక్కడి నుంచి పోర్చుగల్ చేరిన కుటుంబాలు. మనిషికి 9 యూరోలకు రోటీలు, తియ్యటి పప్పు, బంగాళదుంప కూర, అన్నం, మజ్జిగ పెట్టారు. వడ్డించిన పెద్దావిడకు పోర్చుగీసు, గుజరాతీ తప్ప వేరే భాష రాదు. నేను పప్పులో ఏదో వెతుక్కుంటున్నట్టు చూసి, లోపలికి వెళ్ళి చిన్న సీసా తెచ్చి నా కంచం అంచున ఒక్క చెంచాడు పెట్టారు. ఆఫ్రికా పిరిపిరి మిరపకాయలను ఉప్పు, నిమ్మరసంలో నూరిన పచ్చడి. తెనాలిలో పుట్టి, గుంటూరు కారంతో పెరిగిన నా నాలుక మీద చాలా రోజుల తరువాత నిజమైన మంట పుట్టింది. మిరపను అమెరికాల నుంచి మన రేవులకు తెచ్చిందీ పోర్చుగీసు ఓడలే కనుక, ఆ కారం ఒక చుట్టు తిరిగి నా కంచంలోకి వచ్చినట్టయింది. ఆవిడ ఆ సీసా నాకే ఇచ్చేశారు, డబ్బులు తీసుకోలేదు. లిస్బన్‌లో ట్రాములో నిలబడి నగరం చూడడం కంటే ఈ భోజనానికి ఒక పూట కేటాయించమనే నా సలహా.

పోర్టోకు రైలులో మూడు గంటల లోపే చేరాము. 65 దాటిన వాళ్ళకు రైలు టికెట్టు సగం ధరే. మా వారికి ఆ రాయితీ దొరికింది, నాకు ఇంకా నాలుగేళ్ళు తక్కువ కావడంతో పూర్తి ధర పడింది. ఆ ఆనందంలో ఆయన దారి పొడవునా ఈల వేశారు, పోర్టో బస తలుపు తెరిచేదాకా.

ఆ బస డౌరో నది ఒడ్డున, పాత గ్రానైటు భవనంలో మూడో అంతస్తు. ఫోటోల్లో నది, నీలం పలకల వంటగది, మండుతున్న నిప్పుగూడు కనిపించాయి. వసతుల పట్టీలో 'వేడి సదుపాయం కలదు' అని ఉంది. రాత్రికి 78 చొప్పున ఆరు రాత్రులకు 468, శుభ్రపరచే రుసుము 45, నగర పన్ను 36, వెరసి 549 యూరోలు ముందే కట్టాము. నది నిజంగానే కనిపించింది. నిప్పుగూడును మాత్రం ఇటుకలతో మూసి, పైన పూలకుండీ పెట్టారు. వేడి సదుపాయమంటే మంచం కింద నుంచి లాగితే వచ్చిన, చక్రాల మీద నడిచే, నూనె నింపిన చిన్న హీటరు ఒక్కటే. కిటికీలకు ఒంటి అద్దం, చెక్క చట్రానికీ గోడకూ మధ్య నా చిటికెన వేలు పట్టేంత సందు. మంచం తల వైపు గోడకు కొత్తగా సున్నం వేశారు గానీ, దిండు పక్కకు జరిపితే కింద నల్లటి బూజు చుక్కలు చుక్కలుగా పైకి పాకుతున్నది.

మా వారు ఎక్కడికి వెళ్ళినా జేబులో ఉష్ణోగ్రత, తేమ చూపే చిన్న యంత్రం పెట్టుకుంటారు. రాత్రి 9 గంటలకు గదిలో 11 డిగ్రీలు, తేమ 84 శాతం. మా ఊళ్ళో బయట ఎంత చలి ఉన్నా ఇంట్లో 21 డిగ్రీలు ఉంటుంది. మూడు అద్దాల కిటికీలు, అడుగు మందం గోడలు, చలిగాలి లోపలికి చొరబడకుండా రెండు తలుపుల మధ్య చిన్న గది, అన్నీ చలిని శత్రువుగా గుర్తించి కట్టినవి. ఫెయిర్‌బ్యాంక్స్‌లో చలి వాకిలి బయట నిలబడుతుంది. పోర్టోలో అది పక్కమీదికి వచ్చి, తడి దుప్పటిలాగా మనిషిని చుట్టుకుంటుంది.

హీటరు వేసి, టీ కోసం కెటిల్ పెట్టగానే ఇల్లంతా చీకటి అయింది. ఆ ఇంటికి తీసుకున్న విద్యుత్తు పరిమితి చాలా తక్కువ, రెండు యంత్రాలు ఒకేసారి వాడితే మీట పడిపోతుంది. ఆ రాత్రి మీట పైకెత్తడానికి నేను నాలుగుసార్లు మెట్లు దిగాను. మా వారు కోపం వస్తే అరవరు, బట్టలు మడతపెడతారు. అర్ధరాత్రి దాటాక, విమానాశ్రయంలో కారులోనే వదిలేయాల్సిన ఉన్ని టోపీ తలకు పెట్టుకుని, ఆయన మా ఇద్దరి సామానూ రెండోసారి మడతపెడుతుండగా నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. స్నానం చేసి ఆరేసిన ఆయన లుంగీ మరునాటి సాయంత్రానికి కూడా పిండితే నీళ్ళొచ్చేటట్టే ఉంది.

ఇంటి యజమానికి మర్యాదగానే రాశాను. ఆయన పంపిన జవాబు నాకు ఇప్పటికీ కంఠస్థం: "మీరు అలాస్కా వాళ్ళు కదా, మీకు ఇది వేసవిలాగా ఉండాలి." రెండో రోజు ఇంకో సందేశం వచ్చింది. హీటరు రాత్రంతా వాడినందుకు అదనపు విద్యుత్తు కింద 35 యూరోలు నగదుగా బల్ల మీద పెట్టి వెళ్ళమని. అది చదివి మా వారు పెట్టె మూత వేశారు.

మూడో రోజు మధ్యాహ్నం, కొండెక్కి రెండు వీధుల అవతల, ఒక కుటుంబం నడిపే పాత వసతిగృహంలో గది దొరికింది. రాత్రికి 54 యూరోలు, పొద్దున్న కాఫీ, రొట్టె, అనాస ముక్కలు అందులోనే. మంచాలు కిర్రుమంటాయి, నది కనిపించదు, లిఫ్టు లేదు. కానీ గోడకు బిగించిన ఇనుప రేడియేటరు మీద చేయి పెడితే కాలింది. మా వారు లుంగీని దాని మీద పరిచారు, గంటన్నరలో అప్పడంలాగా ఆరింది.

ఆ ఇల్లు నడిపే పెద్దావిడకు ఇంగ్లీషు రాదు. తుడుచుకోవడానికి ఇంకొకటి కావాలని నేను సైగలు చేస్తుంటే, మా వారు విసుగ్గా నా వైపు తిరిగి, "తువ్వాలు అని అడుగు, ఏం పోయింది" అన్నారు. ఆవిడ చప్పున "తువాల్య!" అని లోపలికి పోయి రెండు తెచ్చారు. ఇక చూడండి. ఆ సాయంత్రమంతా ఆయన ఇల్లంతా తిరిగి వస్తువులు చూపిస్తూ మన పేర్లు చెప్పడం, ఆవిడ వాళ్ళ పేరు చెప్పడం. అలమర అంటే అర్మారియు. బొత్తం అంటే బొటావ్. అనాస అయితే దాదాపు అనాసే. గొట్టాలు బాగుచేయడానికి వచ్చిన మనిషిని చూపి మేస్త్రీ అంటే, ఆవిడ మెష్ట్ర్ అని పగలబడి నవ్వారు. రెండు రోజులుగా మూతి బిగించుకున్న మనిషి ఆ రాత్రి మళ్ళీ ఈల వేశారు.

పోర్టో నగరం మీద నాకు కోపం లేదు. సావ్ బెంటో స్టేషను గోడల మీద జోర్జ్ కొలాసో చిత్రించిన సుమారు 20,000 నీలం పలకలను టికెట్టు లేకుండా ఎంతసేపైనా చూడవచ్చు. మేము మూడుసార్లు వెళ్ళాము. డౌరో మీది రెండంతస్తుల వంతెనలో పై అంతస్తున నడక కూడా ఉచితమే. నది ఒడ్డు హోటళ్ళలో అడగకుండా బల్ల మీద పెట్టే రొట్టెకూ ఆలివులకూ బిల్లు వేస్తారు, వద్దనుకుంటే ముట్టుకోకుండా వెనక్కి పంపండి. మేము మొదటి రోజు తిని 5 యూరోల 40 సెంట్లు కట్టాము.

మిగిలిన నాలుగు రాత్రులకు 312 యూరోలు తిరిగి ఇమ్మని, బూజు ఫోటోలూ యంత్రం అంకెలూ జతచేసి, బస కుదిర్చిన సంస్థకు రాశాను. 'వేడి సదుపాయం' అని రాశారు గానీ ఎంత వేడి అన్నది రాయలేదు కదా అన్నట్టు సమాధానం వచ్చింది. నాలుగు ఉత్తరాల తరువాత, ఇల్లు చేరిన మూడో వారంలో, 124 యూరోలు జమ చేశారు. ఆ 35 యూరోలు మేము బల్ల మీద పెట్టలేదు.

ఫెయిర్‌బ్యాంక్స్‌లో దిగేసరికి రాత్రి 11 గంటలు, మైనస్ 31. ఇంజనును వెచ్చగా ఉంచే హీటరు తీగను విమానాశ్రయం ప్లగ్గుకు తగిలించి వెళ్ళాము కనుక కారు స్టార్టు అయింది గానీ, మూడు వారాలు ఒకే చోట గడ్డకట్టిన టైర్లు అడుగున చదునుగా మారి, మొదటి రెండు మైళ్ళూ ఎడ్లబండిలాగా దబదబమన్నాయి. ఇంట్లో ఆ అమ్మాయి సాల్మన్‌తో పులుసు చేసి ఉంచింది. మా వారు వాకిట్లోనే కోటు, స్వెట్టరు విప్పేసి బనీనుతో కూర్చుని తిన్నారు.

ఇప్పుడు వచ్చే జనవరికి స్పెయిన్‌లోని గ్రనాడా చూస్తున్నాము. డబ్బు కట్టడానికి ముందు ప్రతి ఇంటి యజమానికీ ఒకే ప్రశ్న పంపుతున్నాను: మీ హీటరు గోడకు బిగించి ఉన్నదా, చక్రాల మీద ఉన్నదా? ఇప్పటికి ఐదుగురికి రాస్తే, ఇద్దరు ఫోటో పంపారు, ఇద్దరు పలకలేదు. ఐదో ఆయన మాత్రం దుప్పట్లు చాలా ఉన్నాయని రాశారు.