చియా, సబ్జా, అవిసె: ఏది మేలు?

మా అమ్మకి మలబద్ధకం. ఎవరో చియా తాగమన్నారట, కొట్టుకెళ్లి తెచ్చుకుంది. వారం తర్వాత నేను చూస్తే డబ్బాలో ఉన్నవి సబ్జా గింజలు! ఈ పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది కాబట్టి ముందు పోలిక చెబుతాను.

సబ్జా నిండు నలుపు. చియా బూడిద రంగు, మీద సన్నటి మచ్చలు, మధ్యమధ్యలో తెల్ల గింజలు. అనుమానముంటే రెండు గ్లాసుల్లో నానబెట్టండి. సబ్జా ఐదారు నిమిషాల్లోనే ఉబ్బి, తెల్లటి పొర మధ్య నల్ల చుక్కలా కనబడుతుంది. చియాకి అరగంటైనా కావాలి. అది నానాక గ్లాసులో నీళ్లే జావలా చిక్కబడతాయి. రెండూ తులసి కుటుంబానివే. సబ్జా మన రుద్రజడ గింజ. చియా మెక్సికో, గ్వాటెమాలా వైపుది, వందల ఏళ్ల కిందట అక్కడ బతికిన అజ్‌టెక్ జాతి కాలం నుంచీ అక్కడివాళ్ల తిండి.

ఎండాకాలం నిమ్మరసంలోకి, ఫలూదాలోకి సబ్జానే. అందులో నాకు రెండో మాట లేదు.

రోజువారీ పోషణ కోసమైతే అసలు పోటీ చియాకీ అవిసెలకీ. 100 గ్రాముల చియాలో పీచు సుమారు 34 గ్రాములు, అవిసెల్లో 27. క్యాల్షియం చియాలో 630 మిల్లీగ్రాములు, అవిసెల్లో 255. ప్రొటీన్ అవిసెల్లో ఒకటి రెండు గ్రాములు ఎక్కువ. ఒమేగా-3 అనే మంచి కొవ్వు కూడా అవిసెల్లోనే ఎక్కువ: దాదాపు 23 గ్రాములు, చియాలో 18. క్యాల్షియం కోసమే చియా కొనేవాళ్లకి ఒక మాట. పొట్టు తీయని నువ్వుల్లో అంతకన్నా ఎక్కువే, 975 దాకా ఉంటుంది. పైగా మనం తినేది 100 గ్రాములు కాదు, రోజుకి ఒకటి రెండు చెంచాలే. గింజల్లోని ఒమేగా-3 చేపల్లో దొరికే రకం కాదు. దాన్ని మన ఒంట్లో ఆ రకంగా మార్చుకునేది చాలా కొద్దిగానే. చేపలు తినేవాళ్లు వాటిని మానేసి గింజల మీద ఆధారపడొద్దు.

చియాకున్న నిజమైన సుళువు వేరు. పొడి కొట్టే పని లేదు, నానబెడితే చాలు. నానబెట్టని గింజ నెలల తరబడి పాడవదు. అవిసెలు గింజగా మింగితే చాలావరకు అలాగే బయటికి పోతాయి, పొడి చెయ్యాల్సిందే. ఆ పొడి త్వరగా చిక్కు వాసన వస్తుంది.

అయినా నా ఓటు అవిసెలకే. ధర తక్కువ, మన నోటికి అలవాటైన రుచి. దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కొద్దిగా చింతపండు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా కొడితే, వేడన్నంలో నెయ్యితో ఒక ముద్ద చాలు. వారానికి సరిపడా మాత్రమే కొట్టుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇష్టంగా తినేదే రోజూ తినగలం కదా!

ఏ గింజైనా పీచు ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది. అర చెంచాతో మొదలుపెట్టి, నీళ్లు బాగా తాగాలి. చియాని నానబెట్టకుండా నోట్లో పోసుకుని నీళ్లు తాగడం మాత్రం వద్దే వద్దు. అది తన బరువుకి పదింతల నీటిని పీలుస్తుంది. గొంతు దిగాక ఆహారనాళంలో ఉబ్బి అడ్డుపడితే ఆసుపత్రికి పరిగెత్తాల్సి వస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.

అమ్మ ఆ సబ్జాని పారేయలేదు, మధ్యాహ్నం మజ్జిగలో వేసుకుంటోంది. అన్నంలోకి అవిసెపొడి నేను కొట్టి పంపుతున్నాను.