సుమో పోయింది, అనంతపురం బ్రెజా వచ్చింది: సెకండ్ హ్యాండ్ బండి కొన్న కథ, ఆరు నెలలు తోలినాక రివ్యూ

మాది కర్నూలు. ఇంట్లో 2006 టాటా సుమో విక్టా ఉండేది, మా నాయన కొత్తది కొన్నాడు, ఏపీ 21 నంబర్. బయటోళ్ళకి సుమో అంటే రాయలసీమ సినిమాల్లో గాల్లోకి లేచే బండి, మాకేమో పెళ్ళిళ్ళకి, అహోబిలానికి, ఆస్పత్రికి, ఒకసారి దూడను కూడా ఎక్కించుకొని వచ్చిన బండి. 2009 అక్టోబర్ 2న హంద్రీ, తుంగభద్ర రెండూ ఊరిమీద పడినప్పుడు సీట్లు మునిగేదాకా నీళ్ళలో ఉన్నింది. నీళ్ళు తీసినాక లోపల జానెడు బురద, మా మెకానిక్ భాయ్ ఇంజన్ మొత్తం విప్పి కడిగి మళ్ళీ బిగించినాడు, అప్పట్నుంచి ఇంకో పదహారేళ్ళు నడిచింది, కానీ ఆ బురద వాసన మాత్రం పోలేదు, వానాకాలం వస్తే చాలు ఏసీ వెంట్లోంచి వస్తానే ఉండేది. ఈ వాసన సంగతి గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

2021లో 15 ఏళ్ళు నిండితే ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్ళకి ఆర్సీ రెన్యువల్ చేయించినాం. మళ్ళీ ఆ గడువు దగ్గరికొచ్చింది, ఈలోపు 2025 ఆగస్టులో 20 ఏళ్ళు దాటిన కార్లకి రెన్యువల్ ఫీజే పదివేలు చేసినారు. ఫీజు ఒక్కటే అయితే కట్టేవాళ్ళమే. స్టీరింగ్ అరచేతి వెడల్పు తిప్పినా ముందు చక్రాలకి కబురే పోదు, కింద ఛాసిస్ తుప్పు, రేడియేటర్ మూడోసారి లీకు. భాయ్ చూసి "ఇంక దీనికి పెట్టే డబ్బు దండగ, ఇంకోటి చూసుకో సామీ" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ బండి మీద సంపాదించుకున్న మనిషే ఆ మాట అన్నాడంటే ఇంకేముంది.

కొత్తది కొనే ఆలోచన లేదు. మావాడి కాలేజీ ఫీజు ఉంది, ఆడపిల్ల చదువుంది. బడ్జెట్ ఏడు లక్షల లోపు, డీజిల్ కావాలి ఎందుకంటే నేను వారానికి రెండుసార్లు ఆదోని, ఎమ్మిగనూరు వైపు తిరగాలి, పైగా అమ్మకి మోకాళ్ళ నొప్పులు కాబట్టి మరీ ఎత్తు ఉండకూడదు, మరీ కిందకీ ఉండకూడదు. ఈ చివరి పాయింట్ ఎవ్వరూ చెప్పరు గానీ ఇంట్లో పెద్దోళ్ళుంటే ముందు వాళ్ళను ఎక్కించి చూడండప్పా. స్కార్పియో మా అమ్మ ఎక్కలేకపోయింది, అక్కడికే స్కార్పియో కథ సగం అయిపోయింది.

మిగతా సగం ఇది. ఊర్లో పాత బండ్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో ఢిల్లీ స్కార్పియో పెట్టినారు, రేటు చూస్తే మార్కెట్ కంటే లక్షన్నర తక్కువ. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిప్పకూడదని 2015లో ఆర్డర్ వచ్చింది కదా, ఆ భయానికి అక్కడ చవగ్గా అమ్ముకుంటారు, ఇక్కడోళ్ళు ఎన్‌ఓసీతో, అంటే అభ్యంతరం లేదనే కాగితంతో తెచ్చి పెడతారు. ఇందులో మోసం ఏమీ లేదు, కానీ ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, రీ-రిజిస్ట్రేషన్ చేయించాలి, అవన్నీ కలిపితే ఆ చవక ఎక్కడిదక్కడ సరిపోతుంది. అది పక్కన పెట్టినా, మీటర్ 62 వేలు చూపిస్తాంది, బ్రేక్ పెడల్ రబ్బరేమో గీతలన్నీ అరిగిపోయి నున్నగా నాణెం లాగా ఉంది, డ్రైవర్ సీటు కుడి అంచు నలిగి స్పాంజి బయటికొచ్చింది. అరవై వేలకి పెడల్ అట్ల అరగదు. ఏమన్నా అని అడిగితే "ఢిల్లీ ట్రాఫిక్ సార్, బ్రేకులు ఎక్కువ" అంట. మంచి సమాధానమే, ఒప్పుకోవాల.

తర్వాత చూసింది నల్ల క్రెటా, కేఏ అంటే కర్ణాటక నంబర్, ఇంకో కన్సల్టెన్సీ. అబ్బ, ఏం మెరుస్తాంది, డ్యాష్‌బోర్డు మీద పాలిష్ కొట్టి కొట్టి మన మొహం కనపడుతుంది, లోపల మల్లెపూల సెంటు. మా ఆవిడ అక్కడికక్కడే ఇదే తీసుకుందాం అనేసింది. భాయ్ ఇంజన్ జోలికి కూడా పోలేదు. డ్రైవర్ సీటు బెల్టు పట్టుకొని మొత్తం బయటికి లాగినాడు, ఇంక రాదు అనేదాకా లాగినాడు. మనం పెట్టుకునేటప్పుడు బెల్టు సగమే బయటికొస్తుంది, మిగతాది లోపల చుట్టుకొనే ఉంటుంది, దాన్నెవరు కడుగుతారు. ఆ చివరి జానెడు మీద మట్టి రంగు చార, చేత్తో రుద్దితే పిండి లాగా రాలింది. తర్వాత వెనక డిక్కీలో స్టెప్నీ పైకెత్తి ఆ గుంత మూలలో వేలు పెట్టి తీసినాడు, సన్నటి ఒండ్రు. సీటు కింద బోల్టుల తలకాయలు తుప్పు. నేను ఆ వేలు వాసన చూసినా. 2009లో కర్నూల్లో ఉన్నోడికి ఆ వాసన ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

కన్సల్టెన్సీ ఆయన "వాటర్ వాష్ చేయించినాం సార్, ఆ తడి" అన్నాడు. భాయ్ ఏమీ అనకుండా బెల్టు మళ్ళీ లోపలికి వదిలి చెయ్యి నా చొక్కాకి తుడిచినాడు. వరదలో మునిగిన బండే అది, అప్పటికి ఇంజన్ బాగానే ఉండొచ్చు, ఇప్పటి బండ్లలో అసలు సమస్య ఇంజన్ కాదు, సీట్ల కింద కార్పెట్ కింద పోయే వైరింగ్, సెన్సర్లు, ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్లు. మా సుమోలో వైరింగ్ అంటే హారనూ లైట్లూ అంతే, కాబట్టి మునిగినా బతికింది. దీంట్లో ఏ రోజు ఏ లైటు వెలుగుతుందో దేవుడికే తెలియాల.

డస్టర్ ఒకటి, ఎకోస్పోర్ట్ ఒకటి కూడా చూసినాం. డస్టర్ గుంతల్లో పోతే అసలు గుంతే తెలియదు, మనసైతే అయింది, కానీ ఆ పాత డస్టర్ తయారీ 2022లో ఆగింది, ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తాం అని 2021లోనే చెప్పేసింది, స్పేర్ పార్టు కోసం హైదరాబాద్ చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు. తోలేటోళ్ళు బాగానే తోలుతున్నారు, నాకే ధైర్యం చాల్లేదు.

ఇట్ల ఏడు వారాలు అయినాక అనంతపురం నుంచి మా బావమరిది ఫోన్ చేసినాడు, వాళ్ళ వీధిలో రిటైరైన లెక్చరర్ ఒకాయన బండి అమ్ముతున్నాడంట, 2018 విటారా బ్రెజా జెడ్‌డీఐ, ఏపీ 02, ఫస్ట్ ఓనర్, 71 వేల కిలోమీటర్లు. ఆదివారం పొద్దున నాలుగున్నరకే భాయ్‌ని ఎక్కించుకొని బయల్దేరినాం. అంత పొద్దున ఎందుకంటే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాల అని భాయ్ పట్టు. మనం పోయేలోపు ఓనర్ పది నిమిషాలు ఆడించి పెడితే జబ్బులన్నీ దాక్కుంటాయి. "సార్ మేము వచ్చేదాకా తాళం పెట్టొద్దు" అని ముందురోజే ఫోన్‌లో చెప్పినాం, పోగానే భాయ్ చేసిన మొదటి పని బానెట్ మీద అరచెయ్యి పెట్టి చల్లగా ఉందా లేదా చూడటం.

స్టార్ట్ చేసినాక ఒక రెండు సెకన్లు చెయిన్ శబ్దం వచ్చి ఆగిపోయింది. ఈ 1.3 డీజిల్ ఇంజన్‌కి టైమింగ్ బెల్ట్ కాదు, చెయిన్ ఉంటుంది, ఆ రెండు సెకన్లు పర్లేదు, ఆగకుండా గరగరమంటే మాత్రం ఖర్చు. తర్వాత ఆయిల్ మూత విప్పి తిరగేసి దాని రంధ్రం మీదే ఊరికే పెట్టినాడు. మూత ఎగిరెగిరి పడితే ఇంజన్ లోపల రింగులు అరిగినట్టు, ఇది మెల్లగా వణికింది అంతే. ముందు ఫెండర్ బోల్టుల మీద స్పానర్ పడిన గుర్తుల్లేవు, తలుపుల రబ్బరు బీడింగ్ లాగి చూస్తే కంపెనీ వెల్డింగ్ చుక్కలు వరసగా ఉన్నాయి, అంటే గట్టిగా గుద్దుకున్న బండి కాదు. ఎడమ వెనక తలుపుకి మాత్రం రంగు మళ్ళీ వేసినారు, అడక్కముందే లెక్చరర్ గారే చెప్పినారు, గేటుకి గీసుకుందంట. అట్ల తనే చెప్పేటప్పటికి సగం నమ్మకం అక్కడే వచ్చింది. సర్వీస్ బిల్లులు ఏడేళ్ళవీ ఫైల్లో తేదీల వరసగా పంచ్ చేసి పెట్టినాడు మహానుభావుడు.

టైర్లు మాత్రం మోసం చేసినాయి, మనిషి కాదు. చూసేదానికి గాట్లు లోతుగానే ఉన్నాయి, పక్కన చిన్న గుడ్డు ఆకారంలో ఉండే నాలుగంకెలు చూడండి, 2218 అని ఉంది, అంటే 2018లో 22వ వారం తయారైనవి. బండితో వచ్చిన టైర్లే, ఎండకి పక్కలు పెళుసెక్కి సన్నటి పగుళ్ళు. దాని పేరు చెప్పి ఇరవై వేలు తగ్గించినాం. మొత్తం బేరం అయినాక 6.90 లక్షలు అన్నది 6.45 దగ్గర తెగింది.

కాగితాల దగ్గర ఒక నెల పోయింది. బ్యాంకు లోన్ ఎప్పుడో తీర్చేసినారు గానీ ఆర్సీలో హైపోథికేషన్, అంటే బండి బ్యాంకు తాకట్టులో ఉన్నట్టు రాసింది, అట్లనే ఉండిపోయింది. ఇది ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే కనపడుతుంది, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది అన్నీ అందులోనే, అడ్వాన్స్ ఇయ్యకముందే చూడండి. అది తీసేదానికి బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫామ్ 35, ఆ తర్వాత మన ట్రాన్స్‌ఫర్‌కి ఫామ్ 29, 30. నేను హైపోథికేషన్ తీసేదాకా లక్ష రూపాయలు పట్టుకున్నా, ఆయన కూడా ఏమీ అనుకోలేదు. మన రాష్ట్రం బండే కాబట్టి లైఫ్ ట్యాక్స్ గోల లేదు. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మన పేరు మీదికి మార్పించుకోవాల, క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ పాత ఓనర్‌ది మనకు రాదు, అది ఆయన మనిషితో పాటే పోతుంది.

కొన్నాక భాయ్ షెడ్‌లో నాలుగు రోజులు. ఆయిల్, ఫిల్టర్లన్నీ, ముందు బ్రేక్ ప్యాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్షులు, బ్యాటరీ, నాలుగు టైర్లు, అన్నీ కలిపి 52 వేలు. బండి రేటు ఒకటే లెక్కేసుకొని చేతిలో ఉన్నదంతా ఇచ్చేస్తే ఇక్కడ ఇరుక్కుంటారు.

ఇంక బండి ఎట్లుంది అంటే. ఆరు నెలల్లో 9 వేల కిలోమీటర్లు తోలినా. హైవే మీద 20, 21 ఇస్తాంది, కర్నూలు లోపల 16 దాటదు, కంపెనీ చెప్పిన 24.3 నాకెప్పుడూ కనపడలేదు, అయినా సుమో పదితో పోలిస్తే నాకు ఇదే పండగ. ఈ ఇంజన్ ఫియట్‌ది, మన దేశంలో స్విఫ్ట్ మొదలుకొని ఎన్ని కంపెనీల బండ్లలో పెట్టినారో లెక్కలేదు, కాబట్టి పత్తికొండలో ఆగిపోయినా విప్పగలిగే మనిషి దొరుకుతాడు. నాకు అన్నిటికంటే పెద్ద ధైర్యం అదే. 2018లో కార్లను గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ టెస్టులో పెద్దవాళ్ళ సేఫ్టీకి 4 స్టార్లు వచ్చినాయి, మా సుమోకి సీటు బెల్టు ఉందా లేదా అని కూడా మేము పట్టించుకున్నోళ్ళం కాదు.

నచ్చనివి. రెండు వేల ఆర్‌పీఎం లోపల బండి నిద్రపోతుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు మలుపులో స్పీడ్ తగ్గినాక మూడో గేర్‌లో ఎంత తొక్కినా కదలదు, రెండోది వేస్తే ఒక్కసారిగా ఎగురుతుంది, అలవాటయ్యేదాకా వెనకోళ్ళు తలకాయలు ఊపుతానే ఉంటారు. క్లచ్ బరువే, రాత్రి ఫారెస్ట్ గేటు వేసేలోపు దాటాలని తొందరపడితే ఎడమ కాలు గుంజుతుంది. వెనక సీటుకి ఏసీ వెంట్లు ఈ మోడల్‌లో అసలు లేవు, ఏప్రిల్ మే కర్నూలు ఎండల్లో ముందోళ్ళకి చలి, వెనకోళ్ళకి ఉక్క. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, వెనక్కి ఒక చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ తగిలించినాం, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. డిక్కీ 328 లీటర్లంట, మా లెక్కలో చెప్పాలంటే రెండు బియ్యం మూటలు, ఒక సూట్‌కేసు. సుమోలో పదిమంది పోయేవాళ్ళం, ఇప్పుడు పెళ్ళికి పోవాలంటే రెండు ట్రిప్పులు.

సుమోని కోడుమూరు దగ్గర ఒక రైతు 70 వేలకి తీసుకున్నాడు, ఎన్ని లోపాలు చెప్పినా నవ్వుతానే విన్నాడు, పేరు మార్పు కాగితాల మీద సంతకాలు అయినాకే తాళం ఇచ్చినా.

ఇంకోటి మర్చిపోయినా. కొన్న రెండో వారం నుంచి ఎడమ వెనక తలుపులో కటకటమని శబ్దం, అమకతాడు టోల్ దాటినాక స్పీడ్ పెరిగితే మొదలయ్యేది. ఆ రంగేసిన తలుపే, నాకు గుండెల్లో రాయి పడింది, లెక్చరర్ గారు కూడా ముంచినాడా అని. రెండు ఆదివారాలు తిరిగి చివరికి భాయ్ తలుపు ప్యాడ్ మొత్తం ఊడదీసినాడు. లోపల ఒక గాజు గోలీ, దాని పక్కన నాలుగు శెనక్కాయలు. "అనంతపురం బండే ఇది, ఆర్సీ కూడా చూడక్కర్లేదు" అని భాయ్ ఒకటే నవ్వు. గోలీ మావాడు జేబులో వేసుకున్నాడు, శెనక్కాయలు ఒలిచి చూస్తే పుచ్చు.