డయాబ్లో 3లో తాల్ రాషా విజార్డ్: పుష్ బిల్డ్‌ని పరుగు బిల్డ్‌గా మార్చాక ఎలా ఉంది

డయాబ్లో 3 అనే రాక్షసుల్ని వేటాడే వీడియో గేమ్‌లో మంత్రగాడైన విజార్డ్‌కి బిల్డ్ (స్కిల్స్, వస్తువుల కూర్పు) ఏది వెతికినా చివరికి ఒకటే లెక్క కనిపిస్తుంది, గ్రేటర్ రిఫ్ట్ (మెట్టు మెట్టుకీ కష్టం పెరిగే సవాలు) ఎన్నో లెవెల్ దాకా వెళ్ళింది అని. ఆటలో ఆ మెట్లు 150 దాకా ఉన్నాయి కాబట్టి అందరి కళ్ళూ పైకే. కానీ మనం ఆడే టైమ్‌లో ఎక్కువ భాగం అక్కడ గడవదు. డెత్స్ బ్రెత్ అనే తయారీ సామాను కోసం, గ్రేటర్ రిఫ్ట్ తాళంచెవుల కోసం టార్మెంట్ 16లో (ఆటలో అన్నిటికంటే కష్టమైన స్థాయి) మామూలు నెఫలెమ్ రిఫ్టులు తిరుగుతూ, బౌంటీ మెటీరియల్స్ కోసం బౌంటీలు చేస్తూ గడుస్తుంది. అక్కడికి పుష్ బిల్డ్ (గ్రేటర్ రిఫ్ట్‌లో వీలైనంత పై మెట్టు ఎక్కడానికి చేసుకున్నది) వేసుకెళ్తే ఈగని కొట్టడానికి గునపం ఎత్తినట్టే. దెబ్బ తగిలితే ఈగ చస్తుంది సరే, ఎత్తేలోపే టైమ్ అయిపోతుంది.

అందుకే ఈ రివ్యూ తాల్ రాషా సెట్‌ది, అదీ ఫార్మింగ్ (వస్తువుల కోసం త్వరత్వరగా పదే పదే తిరగడం) కోసం మార్చి వేసుకున్న తాల్ రాషాది. సంగతి ముందే చెప్పేస్తాను. ఒకచోట మాయమై ఇంకోచోట దిగే టెలిపోర్ట్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఈ ఆటలో ఇంతకంటే సరదా అయిన విజార్డ్ లేదని నా అభిప్రాయం, ఒకేచోట నిలబడి మంత్రాలు వేయడం ఇష్టమైనవాళ్ళకి మాత్రం రెండో రోజుకే చిరాకు వస్తుంది.

ముందు సెట్ ఏం చేస్తుందో చూద్దాం, మార్పులన్నీ దాని చుట్టూనే ఉంటాయి. తాల్ రాషా రెండు ముక్కలు వేసుకుంటే ఆర్కేన్, కోల్డ్, ఫైర్, లైట్నింగ్ లలో ఏ రకం డ్యామేజ్ మీరు చేసినా అదే రకం ఉల్క ఒకటి ఆకాశం నుంచి ఉచితంగా పడుతుంది, ఒక్కో రకానికి 8 సెకన్ల గ్యాప్. ఆరు ముక్కలకి అసలు బలం వస్తుంది: నాలుగు రకాల్లో ఒక్కోదాంతో కొట్టిన కొద్దీ డ్యామేజ్ స్టాక్ పెరుగుతుంది, నాలుగు స్టాకులు ఫుల్. ఆ స్టాక్ నిలిచేది 8 సెకన్లే. అంటే ఒక గుంపుని చంపి ఇంకో గుంపు దొరికేలోపు 8 సెకన్లు దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. పుష్‌లో ఇది పెద్ద సమస్య కాదు, గుంపు మీద నిమిషాల తరబడి కూర్చుంటాం కదా. ఫార్మింగ్‌లో మాత్రం కథంతా ఇదే. గుంపుని ఎంత త్వరగా చంపాం అనేది కాదు, ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య ఖాళీ నేల మీద ఎంతసేపు నడిచాం అనేదే మీ రిఫ్ట్ టైమ్.

కాబట్టి మొదట తీసేయాల్సింది ఆగమని చెప్పే వస్తువులన్నీ. కన్వెన్షన్ ఆఫ్ ఎలిమెంట్స్ ఉంగరం ఉందే, దాన్ని వేలు నుంచి తీయమంటే చాలామందికి ప్రాణం ఒప్పదు. కానీ లెక్క చూడండి: ఒక్కో ఎలిమెంట్‌కి 4 సెకన్ల చొప్పున 200 శాతం డ్యామేజ్ ఇస్తూ తిరుగుతుంది, విజార్డ్‌కి నాలుగు ఎలిమెంట్లు, అంటే 16 సెకన్ల చక్రంలో మీ వంతు 4 సెకన్లు. మిగతా 12 సెకన్లు ఆ ఉంగరం వేలు మీద బరువే. టార్మెంట్ 16లో 12 సెకన్లంటే రెండు గుంపులు దాటిపోవాలి. బేన్ ఆఫ్ ద స్ట్రికెన్ రత్నం కూడా అంతే, ఒకే శత్రువుని పదే పదే కొడితే పెరిగే డ్యామేజ్ అది, ఒక్క దెబ్బకి పోయే గుంపుల మీద దానికి పనేముంది? జీయిస్ స్టోన్ దూరం నుంచి కొడితే బలం ఇస్తుంది, హేలో ఆఫ్ కరీనీ దూరంగా ఉన్నవాడికి స్టార్మ్ ఆర్మర్ తగిలితే రక్షణ ఇస్తుంది, మనమేమో నేరుగా శత్రువుల నెత్తి మీదకి దూకబోతున్నాం. అన్నీ పెట్టెలోకి.

స్టార్ పాక్ట్ రూన్ (రూన్ అంటే స్కిల్ పనితీరుని మార్చే ఎంపిక) సంగతి వేరుగా చెప్పాలి. ఉల్కని పడేసే మీటియర్ స్కిల్‌కి పుష్‌లో అందరూ వాడేది అదే, మిగిలిన ఆర్కేన్ పవర్ (స్కిల్స్ వాడితే ఖర్చయ్యే శక్తి) మొత్తం ఒక్క దెబ్బలో తినేసి దానికి తగ్గట్టు డ్యామేజ్ పెంచుతుంది. ఇక్కడే గొడవ. మన పరుగుకి ఇంధనం కూడా ఆ ఆర్కేన్ పవరే.

ఎందుకంటే ఈ బిల్డ్‌కి గుండెకాయ ఏథర్ వాకర్ అనే వాండ్. ఇది ఉంటే టెలిపోర్ట్‌కి కూల్‌డౌన్ (మళ్ళీ వాడేముందు ఆగాల్సిన టైమ్) అనేదే ఉండదు, బదులుగా దూకిన ప్రతిసారీ 25 ఆర్కేన్ పవర్ పోతుంది. మామూలు టెలిపోర్ట్‌కి 11 సెకన్ల కూల్‌డౌన్ అని గుర్తు చేసుకుంటే దీని విలువ తెలుస్తుంది. దీన్ని చేత్తో పట్టుకోనక్కర్లేదు, కనైస్ క్యూబ్‌లో (వస్తువుని వేసుకోకుండానే దాని పవర్ వాడుకోనిచ్చే పెట్టె) పవర్ తీసి ఆయుధం గడిలో పెట్టేయడమే. చేతిలో ద గ్రాండ్ విజియర్ కర్ర, అది మీటియర్ ఖర్చుని తగ్గిస్తుంది. కాళ్ళకి నిల్ఫర్స్ బోస్ట్, అది మీటియర్ డ్యామేజ్‌ని అమాంతం పెంచే బూట్లు.

ఇప్పుడు పర్స్ లెక్క. విజార్డ్‌కి మొదట ఉండేది 100 ఆర్కేన్ పవర్, సెకనుకి 10 తిరిగొస్తుంది. మీటియర్ అసలు ధర 40. నాలుగు సార్లు దూకితే పర్స్ ఖాళీ, ఉల్క వేయడానికి చేతిలో ఏమీ లేదు. కొత్తగా ఈ బిల్డ్ ఎత్తుకున్నవాళ్ళు సగం దారిలో వదిలేసేది ఇక్కడే, గుంపు మధ్యలో దిగబడి, పవర్ లేక, నాలుగు పక్కల నుంచి తన్నులు తింటూ. దీనికి మందు స్టార్మ్ ఆర్మర్‌లో పవర్ ఆఫ్ ద స్టార్మ్ రూన్, ప్రతి స్కిల్ ఖర్చులోంచి 3 కోసేస్తుంది. మూడే కదా అనిపిస్తుంది కానీ ప్రతి దూకుడుకీ మూడు. పాసివ్‌లలో (నొక్కకుండానే ఎప్పుడూ పనిచేసే స్కిల్స్) ఆస్ట్రల్ ప్రెజెన్స్ పెట్టుకుంటే పర్స్ 20 పెద్దదవుతుంది, నింపుడు కూడా సెకనుకి 2.5 పెరుగుతుంది. గేర్ మీద రిసోర్స్ కాస్ట్ తగ్గించే స్టాట్ దొరికిన చోటల్లా తీసుకోండి, భుజాల మీద, గ్లోవ్స్ మీద, పారగాన్ పాయింట్లలో (చివరి లెవెల్ దాటాక వచ్చేవి) కూడా. పుష్‌లో ఏరియా డ్యామేజ్‌కి వెళ్ళే చోటు ఇక్కడ దీనికి వెళ్తుంది, బాధపడకండి.

నాలుగు ఎలిమెంట్లు ఆగకుండా ఎలా తగిలించాలి అన్నది నాకు ఈ బిల్డ్‌లో బాగా నచ్చిన భాగం. టెలిపోర్ట్‌కి కలామిటీ రూన్ పెట్టండి: దిగిన చోట చిన్న అల పుట్టి ఆర్కేన్ డ్యామేజ్ చేస్తుంది, చుట్టూ ఉన్నవాళ్ళని ఒక సెకను స్తంభింపజేస్తుంది. స్టార్మ్ ఆర్మర్ తనంతట తాను లైట్నింగ్ కొడుతూ ఉంటుంది. ఫెమిలియర్‌కి (మీ వెంట తిరుగుతూ శత్రువుల్ని కొట్టే తోడు) ఐసికిల్ రూన్ పెడితే కోల్డ్ వాడు చూసుకుంటాడు. మీటియర్‌కి మీటియర్ షవర్ రూన్, అది ఫైర్, ఒక పెద్ద ఉల్క బదులు ఏడు చిన్నవి చెల్లాచెదురుగా పడతాయి. గురి కుదరదు, ఒక్క బాస్ మీద దండగ, కానీ గది నిండా ఉన్న చిల్లర మూక మీద అదే కావాలి. చూశారా, నాలుగు స్టాకుల్లో రెండు మీరు బటన్ నొక్కకుండానే వస్తాయి, మూడోది కదలడంతోనే వస్తుంది. నొక్కాల్సింది మీటియర్ ఒక్కటే.

మీటియర్‌తో ఒక చిక్కుంది, వేసిన వెంటనే పడదు, సుమారు సెకనుంపావు పడుతుంది. పరిగెత్తేవాడికి అది చాలా ఎక్కువ, ఉల్క నేల తాకేసరికి మీరు పక్క గదిలో ఉంటారు, రాక్షసులు మీ వెనకాల వచ్చేస్తారు, ఉల్క ఖాళీ నేల మీద పడుతుంది. చేయాల్సింది వరుస మార్చడం: గుంపు కనిపించగానే ఉల్క ముందు వేసి, ఆ తర్వాత దూకండి. కలామిటీ స్టన్ వాళ్ళని అక్కడే పట్టి ఉంచుతుంది, పైనుంచి ఉల్కలు దిగుతాయి, మీరు అప్పటికే ఇంకో దూకుడికి మౌస్ తిప్పి ఉంటారు. ఈ లయ చేతికి ఎక్కడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఎక్కాక వేరే విజార్డ్ ఆడబుద్ధి కాదు.

ఒళ్ళు కాపాడుకోవడం ఎలా అంటారా? ఇక్కడ బంగారం పని చేస్తుంది, నిజంగానే. బూన్ ఆఫ్ ద హోర్డర్ రత్నం శత్రువు చచ్చినప్పుడు కొన్నిసార్లు బంగారం చిమ్మిస్తుంది, రత్నం 25కి చేరితే బంగారం ఏరినప్పుడల్లా 3 సెకన్ల పాటు 30 శాతం వేగం కూడా. గోల్డ్‌ర్యాప్ బెల్ట్ ఏరిన బంగారం ఎంతో అంత ఆర్మర్ ఇస్తుంది. అవరీస్ బ్యాండ్ ఉంగరం బంగారం లాక్కునే దూరాన్ని గజం గజం పెంచుతూ పోతుంది, 30 గజాల దాకా. మూడూ కలిస్తే గుంపులో దూకి చంపుతున్నంతసేపూ మీకేమీ కాదు. కాకపోతే తాల్ రాషా బెల్ట్ స్థానంలో గోల్డ్‌ర్యాప్ వస్తుంది కాబట్టి సెట్‌లో ఒక ముక్క తగ్గుతుంది, ఆ లోటు పూడ్చడానికి రింగ్ ఆఫ్ రాయల్ గ్రాండ్యూర్‌ని క్యూబ్‌లో పెట్టాలి. తల, మెడ, ఛాతీ, గ్లోవ్స్, ప్యాంట్, ఈ ఐదింటితో ఆరు ముక్కల బోనస్ వస్తుంది.

నెమెసిస్ బ్రేసర్స్ తప్పనిసరి. ముట్టుకుంటే కాసేపు బలం ఇచ్చే ష్రైన్, పైలాన్ ఏది ముట్టుకున్నా ఒక ఎలైట్ శత్రువు (మామూలు వాటికంటే బలమైనది) పుడుతుంది, ఎలైట్ అంటే డెత్స్ బ్రెత్, రిఫ్ట్ బార్‌లో పెద్ద ముక్క. పగిలే సామాను తగిలినప్పుడు వేగం ఇచ్చే వార్జెకియన్ ఆర్మ్‌గార్డ్స్ క్యూబ్‌లో పెట్టుకోవచ్చు, కుండలూ పీపాలూ ఉన్న మ్యాపుల్లో భలే ఉంటుంది, గడ్డి మైదానంలో ఏమీ ఉండదు. ఇల్యూజనిస్ట్ పాసివ్ మాత్రం వదలకండి, టెలిపోర్ట్ చేసిన ప్రతిసారి 3 సెకన్ల పాటు 30 శాతం వేగం. మరో చిన్న మాట, చాలామంది పట్టించుకోరు: గేర్, పారగాన్ కలిపి నడక వేగం 25 శాతానికి మించి లెక్కలోకి రాదు. పారగాన్‌లో 25 పూర్తిగా తీసుకున్నాక బూట్ల మీద మూవ్‌మెంట్ స్పీడ్ ఉంటే అది చచ్చిన స్టాట్, దాన్ని వస్తువుల గుణాలు మార్చిపెట్టే మిస్టిక్ దగ్గర ఇంకేదైనా పనికొచ్చేదానికి మార్చేయండి. ఇల్యూజనిస్ట్, హోర్డర్ ఇచ్చే వేగం ఈ పరిమితి కిందకి రాదు, అందుకే వాటికి అంత విలువ.

ఏథర్ వాకర్ బదులు ఇన్-జియోమ్ కత్తి వాడేవాళ్ళు ఉన్నారు. ఎలైట్ గుంపుని చంపిన తర్వాత 15 సెకన్ల పాటు కూల్‌డౌన్లు 8 నుంచి 10 సెకన్లు తగ్గిస్తుంది, ఆర్కేన్ పవర్ ఖర్చూ లేదు. బాగానే ఉంటుంది, ఎలైట్లు వెంటవెంటనే దొరికితే. దొరక్కపోతే 11 సెకన్ల టెలిపోర్ట్‌తో కాళ్ళీడ్చుకుంటూ నడవాలి. నా ఓటు ఏథర్ వాకర్‌కే.

వీర్ సెట్‌తో ఆర్కాన్ రూపం (విజార్డ్ కొద్దిసేపు మారే శక్తి రూపం), చాంటోడో జత వేసుకుని ఫార్మ్ చేసే పద్ధతి చాలామందికి ఇష్టం, దాన్నీ ఆడి చూశాను. ఆర్కాన్‌లో ఉన్నంతసేపు సెకనుకో అల దానంతట అదే పోతుంది, చేతికి పని తక్కువ, డ్యామేజ్‌లో పేరు పెట్టడానికి లేదు. కానీ ఆర్కాన్ మామూలుగా 20 సెకన్లు, కూల్‌డౌన్ 120, దాన్ని తగ్గించడానికి గేర్ అంతా ఊడ్చి పెట్టాలి, ఆర్కాన్ దిగిన క్షణాల్లో మాత్రం మీరు వట్టి మనిషి. ఆ ఎగుడుదిగుడు నాకు నచ్చలేదు. వేగం కంటే నిదానంగా బలంగా ఆడాలనుకుంటే అదే తీసుకోండి.

డెత్స్ బ్రెత్ ఒక్కటే కావాలనుకున్న రోజు చిన్న మార్పు చాలు. సేజ్ సెట్ గ్లోవ్స్, బూట్లు వేసి, తాల్ రాషా బెల్ట్ వెనక్కి తెచ్చి, నిల్ఫర్స్ బోస్ట్‌ని క్యూబ్‌లోకి పంపండి. రాయల్ గ్రాండ్యూర్ పుణ్యమా అని సేజ్ బోనస్ రెండు ముక్కలకే వస్తుంది, డెత్స్ బ్రెత్ అదనంగా రాలుతుంది. గోల్డ్‌ర్యాప్ పోతుంది కాబట్టి టార్మెంట్ ఒకట్రెండు మెట్లు దిగి ఆడండి. రేర్ వస్తువుని లెజెండరీగా మార్చాలంటే క్యూబ్‌లో ఒక్కోసారీ 25 డెత్స్ బ్రెత్ పోతుంది, మంచినీళ్ళలా ఖర్చవుతాయి, ఎన్ని ఉన్నా సరిపోవు.

ఆట వైపు నుంచి మెచ్చుకోవాల్సింది ఏమిటంటే, ఇన్ని మార్పులకీ ఒక్క పైసా కట్టనక్కర్లేదు. స్కిల్స్ ఎప్పుడైనా ఉచితంగా మార్చుకోవచ్చు, 2017లో వచ్చిన ఆర్మరీలో పుష్ ఒక గడి, ఫార్మ్ ఒక గడి, సేజ్ ఒక గడి పెట్టుకుంటే ఒక్క క్లిక్ పని. సీజన్‌లో (కొత్త పాత్రతో మొదటి నుంచి ఆడే కాలం) కమ్మరి హెడ్రిగ్ బహుమతిగా తాల్ రాషా సెట్ ఇస్తే ఇంకా సులువు, మొదటి సాయంత్రానికే ఈ ఆట మొదలుపెట్టొచ్చు. ఒకప్పుడు ఆక్షన్ హౌస్‌లో వస్తువులు కొనుక్కుంటూ ఆడిన ఆట ఇదేనా అనిపిస్తుంది, 2014 మార్చిలో దాన్ని మూసేయడం ఈ ఆటకి జరిగిన అతి పెద్ద మేలు.

తిట్టాల్సినవీ ఉన్నాయి. మూసిన తలుపు ఎదురైతే టెలిపోర్ట్ గోడకి తగిలిన బంతిలా ఆగిపోతుంది, వెళ్ళి తలుపు తీయాలి. ఇరుకు గుహల మ్యాపుల్లో మౌస్ ఒక అంగుళం తప్పినా 25 పవర్ వృథా. నెట్ కాస్త తడబడితే దూకిన చోటు నుంచి మళ్ళీ వెనక్కి లాగేస్తుంది, పీసీ వెర్షన్ ఒంటరిగా ఆడినా ఆన్‌లైన్ ఉండాల్సిందే కాబట్టి తప్పించుకునే దారి లేదు. కన్సోల్‌లో ఆఫ్‌లైన్ ఆడొచ్చు, అక్కడ ఈ బాధ లేదు, కానీ మౌస్ లేకుండా టెలిపోర్ట్ దూరాన్ని గురి పెట్టడం వేరే తలనొప్పి.

గ్రేటర్ రిఫ్ట్‌లో వేగంగా తిరగాలనుకుంటే ఇదే గేర్ యథాతథంగా తీసుకెళ్ళకండి. అక్కడ దారిలో బంగారం రాలదు, చివరి బాస్ అయిన గార్డియన్ చచ్చేదాకా ఏమీ రాలదు. హోర్డర్, గోల్డ్‌ర్యాప్, అవరీస్ మూడూ అలంకారమే అవుతాయి. తాల్ రాషా బెల్ట్ తిరిగి పెట్టి, రాయల్ గ్రాండ్యూర్ గడిని ఖాళీ చేసి, హోర్డర్ స్థానంలో బేన్ ఆఫ్ ద పవర్‌ఫుల్ పెట్టండి, ఎలైట్ గుంపు చచ్చిన తర్వాత 30 సెకన్ల పాటు డ్యామేజ్ పెంచుతుంది, నెమెసిస్ ఉన్నప్పుడు అది దాదాపు ఆగదు. రిఫ్ట్ తెరవకముందే మార్చుకోండి, లోపలికి వెళ్ళాక స్కిల్స్ మార్చనివ్వదు.