లాగ్స్‌లో వెతకాలంటే గ్రెప్పా, జర్నల్‌సీటీఎల్లా?

లినక్స్ సర్వర్‌లోకి ఎవడో దూరాడని డౌట్ వస్తే ముందు డిస్క్ ఇమేజ్ (డిస్క్ మొత్తానికి కాపీ) తీసి హ్యాష్ (కాపీ మారలేదని చూపించే వేలిముద్ర లాంటి కోడ్) రాసిపెట్టుకోండి, లాగ్స్‌లో, అంటే సర్వర్‌లో జరిగినవి రాసి ఉండే రికార్డుల్లో, వెతుకులాటంతా ఆ కాపీ మీదే, ఒరిజినల్‌ని మాత్రం ముట్టుకోవద్దు ప్లీజ్.

గ్రెప్ అంటే ఫైల్‌లో మనం అడిగిన మాట ఉన్న లైన్లని తీసి చూపించే కమాండ్, దానికి మామూలు టెక్స్ట్ ఫైల్ ఉంటే చాలు. లాగిన్‌ల లెక్క ఉబుంటులో ఆథ్ డాట్ లాగ్, రెడ్ హ్యాట్‌లో సెక్యూర్ అనే ఫైల్‌లో ఉంటుంది, అందులో "ఫెయిల్డ్ పాస్‌వర్డ్" అని కొడితే లైన్లు వరసగా వచ్చేస్తాయి. ఒకే ఐపీ నుంచి వందల ఫెయిల్డ్ లైన్లు, వాటి కింద ఒక్కటంటే ఒక్క "యాక్సెప్టెడ్ పాస్‌వర్డ్" కనబడిందా, గుండె గుభేల్మంటుంది, ఎవడో పాస్‌వర్డ్ ఊహించి దూరి ఉండొచ్చు, అసలు కథ అక్కడే మొదలు. పాత ఫైళ్లు చాలాసార్లు జీజిప్‌తో కంప్రెస్ అయిపోయి ఉంటాయి కాబట్టి వాటికి జెడ్‌గ్రెప్ వాడాలి, చాలామంది ఇది మర్చిపోయి ఏమీ దొరకలేదు అనేస్తారు. ఇంకో తలనొప్పి ఏంటంటే ఈ టెక్స్ట్ లాగ్స్ రాసే పాత సిస్‌లాగ్ ఫార్మాట్‌లో నెల, తేదీ, టైమ్ ఉంటాయి గానీ సంవత్సరం ఉండదు, టైమ్‌జోన్ కూడా ఉండదు.

జర్నల్‌సీటీఎల్ అంటే జర్నల్ అనే లాగ్స్‌ని చదివే కమాండ్, దానికి ఆ బాధ లేదు. జర్నల్ మైక్రోసెకన్లతో సహా టైమ్ దాచుకుంటుంది, యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్) చూపించమంటే చూపిస్తుంది, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, ఏ సర్వీస్, ఏ యూజర్ ఐడీ అని అడిగితే అంతవరకే తీసిస్తుంది. కాకపోతే కాపీలోని జర్నల్ ఫోల్డర్‌ని డైరెక్టరీ ఆప్షన్‌తో చూపించాలి, లేదంటే మీ సొంత మెషిన్ లాగ్సే చదువుకుంటూ కూర్చుంటారు. పైగా జర్నల్‌ని డిస్క్ మీద దాచే సెట్టింగ్ లేకపోతే రీబూట్‌తో మొత్తం పోతుంది.

నేనైతే టైమ్‌లైన్ కట్టడానికి జర్నల్‌సీటీఎల్లే వాడతా, అపాచీ వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్స్ మామూలు టెక్స్ట్ ఫైళ్లే కాబట్టి వాటికి మాత్రం గ్రెప్పే.